జీడిపిక్కల రేటు నలుగురు వ్యాపారులూ ఒకే మాట చెప్తే దాన్ని ఏమంటారు?

ఉద్దానం_కుర్రోడు – శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది మందస దగ్గర పల్లె, నాలుగెకరాల జీడితోట. తిత్లీ తుపానుకి సగం చెట్లు కూలిపోయాయి. మిగిలినవీ మళ్లీ వేసినవీ కలిపి ఈ ఏడు కాస్త కాపు కనిపించింది. పిక్కలు ఎండబెట్టి 14 బస్తాలు ఎత్తాం. 80 కేజీల బస్తాలు.

నిన్న పొద్దున్న తొమ్మిదింటికి ఒకాయన ఫోన్ చేసి రేటు చెప్పాడు. ముందురోజు తనే చెప్పినదానికంటే బస్తాకి 300 తక్కువ. సరే ఇంకొకర్ని అడుగుదామని కాశీబుగ్గలో ఇద్దరికి, పక్కూరి ఏజెంటుకి చేశాం. నలుగురిదీ ఒకే అంకె, రూపాయి అటూ ఇటూ లేదు. నాలుగో ఆయనైతే మా నాన్న నోరు తెరవకముందే "మీకు చెప్పారు కదా, అదే రేటు" అన్నాడు. మాకు చెప్పినట్టు ఈయనకి ఎలా తెలిసింది?

పేర్లు రాయను, రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. నా ప్రశ్న ఒక్కటే. దీనికి చట్టమేదైనా ఉందా, మన ఖర్మ అనుకుని ఊరుకోవాలా?

వంశధార_గట్టు – శనివారం, రాత్రి 8:52

ఖర్మే తమ్ముడూ. మా ఊరి నుంచి ఆమదాలవలస స్టేషనుకి ఆటోలు కూడా అంతే. ఒకడు 200 అంటే స్టాండులో పదిమందీ 200. బేరమాడితే అందరూ ఒకేసారి అటు తిరిగిపోతారు.

సిక్కోలు_వకీలు – శనివారం, రాత్రి 9:30

చట్టం ఉంది. కాంపిటీషన్ చట్టం, 2002. వ్యాపారులు కూడబలుక్కోవడం గురించి చెప్పేది సెక్షన్ 3. దాంట్లో 3(3) చదివితే నీ కేసు కోసమే రాసినట్టు ఉంటుంది. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు కలిసి "కొనుగోలు ధర గానీ అమ్మకం ధర గానీ" నిర్ణయించుకోకూడదు. మనవాళ్లంతా కార్టెల్ అంటే అమ్మేవాళ్లు కలిసి రేటు పెంచడం అనుకుంటారు. కొనేవాళ్లు కలిసి రేటు తొక్కెయ్యడం కూడా అదే తప్పు. సరుకు తగ్గించి తయారుచేయడం, ఊళ్లు పంచుకోవడం, టెండర్లలో కుమ్మక్కవడం, ఇవన్నీ ఆ వరసలోవే. వీటిల్లో ఒప్పందం ఉందని తేలితే పోటీకి హాని జరిగినట్టే లెక్క, కాదని చూపించుకోవాల్సింది వాళ్లు.

ఇక్కడే అసలు ముడి. ఒప్పందం ఉందని తేలాలి. నలుగురు ఒకే రేటు చెప్పారు అన్నది ఒక్కటే చాలదు.

ఉద్దానం_కుర్రోడు – శనివారం, రాత్రి 9:41

చాలదేటి సార్? నలుగురికీ ఒకేసారి ఒకే కల వచ్చిందా?

సిక్కోలు_వకీలు – శనివారం, రాత్రి 10:05

నవ్వొచ్చింది గానీ, సుప్రీంకోర్టులో దాదాపు ఇదే వాదన నడిచింది. ఇండియన్ ఆయిల్ వాళ్లు 14.2 కేజీల గ్యాస్ సిలిండర్ల కోసం టెండరు పిలిచారు. దేశమంతా ఉన్న తయారీదారులు ఒకే రకం రేట్లు కోట్ చేశారు. టెండరు ముందు ముంబైలో వాళ్లు కలుసుకున్నారని కూడా రికార్డులో ఉంది. 2012లో కాంపిటీషన్ కమిషన్, అంటే ఈ చట్టాన్ని అమలుచేసే సంస్థ, కుమ్మక్కని తేల్చి జరిమానాలు వేసింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఎందుకంటే కొనేది లెక్కకి ముగ్గురే, పాత రేట్లు అందరికీ తెలుసు, ముడిసరుకు ఒకటే, చివరికి రేటు ఖాయం చేసేది కూడా కొనేవాడే. అలాంటి బజారులో రేట్లు వాటంతటవే ఒకచోటికి చేరతాయి, దాన్ని పట్టుకుని కుమ్మక్కు అనలేం అన్నారు.

కాబట్టి ఒకే రేటుకి తోడు ఇంకోటి కావాలి. మెసేజో, మీటింగు కాగితమో, లోపలి మనిషి మాటో.

పప్పు_బట్టీ – శనివారం, రాత్రి 10:48

మమ్మల్నందరినీ దొంగలని చేసీకముందు నా మాట కూడా ఇనండి. నాను పలాసలో చిన్న జీడిపప్పు బట్టీ నడుపుతున్నాను. కటింగుకి, పొట్టు తియ్యడానికి కలిపి పద్దెనిమిది మంది ఆడవాళ్లు వస్తారు. బ్యాంకు లోనుంది.

బస్తా పిక్క కొడితే పప్పు ఎంత దిగుతుంది, మా బతుకంతా ఆ లెక్క మీదే. బయటదేశాల బేరంలో కూడా 80 కేజీల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు అనే కొలుస్తారు. 48 పౌన్లు దిగితే మంచి సరుకు, అంటే 21 కేజీల చిల్లర. మంచు పడ్డ పిక్క, సరిగ్గా ఎండని పిక్క అయితే నాలుగు కేజీలు ఎగిరిపోనాయే అనుకో. దాంట్లో మళ్లా గుండు, అంటే విరగని పప్పు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత. పైగా ఆఫ్రికా పిక్క. 2018 బడ్జెట్లో దాని మీద దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5 చేసీసినారు. అదే ఏడు అక్టోబర్లో తిత్లీ వచ్చింది. మన పిక్క తగ్గిపోయిన రోజుల్లోనే బయట పిక్క చవకైపోయింది. ఇప్పుడు ఓడలో దిగిన రేటు పొద్దున్నే అందరి ఫోన్లలో ఉంటాది. అందరం అదే చూసి చెప్తాం, అందుకే ఒకే రేటు.

సీజను మొదట్లో ఒక్కసారి కూచుని ఎంత దాకా పోవచ్చో ఒక మాట అనుకుంటాం, అంతే. లేకపోతే పెద్దోళ్లు రేటు పెంచీసి మాలాంటోళ్లని మూయించీస్తారు. అది కూడా తప్పంటే ఏటి సేస్తాం?

సిక్కోలు_వకీలు – శనివారం, రాత్రి 10:55

బాబూ, మీ రెండో పేరా మొత్తం మీకు కవచం. గ్యాస్ సిలిండర్ల వాళ్లు కోర్టులో చెప్పింది ఇంచుమించు అదే. మూడో పేరాతో ఆ కవచం మీరే విప్పి పక్కన పెట్టేశారు. ఓడ రేటు చూసి ఎవరి మట్టుకు వాళ్లు ధర చెప్పడం వ్యాపారం. కూచుని ఒక మాట అనుకోవడమే చట్టం పట్టుకునేది. చిన్నవాళ్లం, బతకడానికి అనుకున్నాం అంటే జరిమానా దగ్గర కనికరించొచ్చు గానీ తప్పు ఒప్పయిపోదు.

అడ్మిన్ – శనివారం, రాత్రి 11:02

పప్పు_బట్టీ గారూ, కావాలంటే ఆ మూడో పేరా తీసేస్తాం. చెప్పండి.

పప్పు_బట్టీ – శనివారం, రాత్రి 11:20

తియ్యొద్దు. నాను అబద్ధం ఆడనేదు కదా. ఇది తప్పని మాకు ఏ ఆఫీసరూ ఇన్నేళ్లలో చెప్పనేదు.

గంటస్తంభం – ఆదివారం, ఉదయం 6:50

విజయనగరం నుంచి పాత మాస్టారిని. పొద్దున్నే కాఫీతో ఈ చర్చ అంతా చదివాను. కొంచెం చరిత్ర చెప్తాను, ఓపిక లేనివాళ్లు దాటెయ్యండి.

నేను మహారాజా కళాశాలలో కామర్స్ చదివేనాటికి అందరి నోళ్లలో ఉన్నది ఎంఆర్‌టీపీ చట్టం, అంటే గుత్తాధిపత్యాలకి పగ్గం వేసే చట్టం. 1964లో గుత్తాధిపత్యాల మీద విచారణ సంఘం వేశారు, 1969లో చట్టం చేశారు, 1970 జూన్ నుంచి అమలు. దాని చూపంతా సైజు మీద. 20 కోట్ల ఆస్తి దాటిన సంస్థ కొత్త మిల్లు పెట్టాలన్నా పెంచాలన్నా ఢిల్లీ అనుమతి. 1985లో ఆ గీతని 100 కోట్లు చేశారు, 1991లో ఆ అనుమతుల భాగమే ఎత్తేశారు. విచిత్రమేమిటంటే పెద్దవాళ్లని ఆపడానికి పెట్టిన ఆ లైసెన్సులు, అప్పటికే లోపలున్న పెద్దవాళ్లకి గోడలా పనికొచ్చాయి. కొత్తవాడు రాలేడు కదా. స్కూటరుకి డబ్బు కట్టి ఏళ్లతరబడి ఎదురుచూసిన తరం మాది, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2002 చట్టం ఆ చూపు మార్చింది. పెద్దగా ఉండడం తప్పు కాదంది. పెద్దరికాన్ని అడ్డం పెట్టుకుని ఎదుటివాడి గొంతు నొక్కితే తప్పు, అది సెక్షన్ 4. చట్టం 2002లో వచ్చినా సెక్షన్ 3, 4 అమల్లోకి వచ్చింది 2009 మే 20న. అంటే మన ప్రభుత్వాలు ఏడేళ్లు తీసుకున్నాయి, అది మన పద్ధతే లెండి. కంపెనీల విలీనాల పరిశీలన 2011 జూన్ నుంచి.

బొబ్బిలి_చెరకు – ఆదివారం, ఉదయం 7:35

మాస్టారూ, మా సంగతి కూడా చెప్పండి. చెరకు రైతుని చట్టమే ఒక ఫ్యాక్టరీకి కట్టేసింది. 1961 నాటి రాష్ట్ర చట్టం కింద ఈ ఊళ్లు ఈ ఫ్యాక్టరీవి అని గీతలు గీసేశారు. పక్క జోనువాడు ఎక్కువిస్తానన్నా ఇవ్వకూడదు. అది గుత్తాధిపత్యం కాదా?

గంటస్తంభం – ఆదివారం, ఉదయం 8:10

అవును, సర్కారు చేతిరాతతో వచ్చిన గుత్తాధిపత్యం. కానీ దానికి ఎదురు ఒకటి ఇచ్చారు. కనీస ధర ఢిల్లీ నిర్ణయిస్తుంది, సరుకు దింపిన 14 రోజుల్లో డబ్బివ్వాలని 1966 నాటి ఆర్డరులో రాశారు. ఇచ్చారా లేదా అన్నది వేరే పురాణం, మీ జిల్లాలో ఎవరినడిగినా బకాయిల కథ చెప్తారు. పద్ధతి మాత్రం అది. పోటీ తీసేస్తే ధర చూపించాలి. ఈ అబ్బాయి పిక్కలకి ధర చూపించేవాడు లేడు, పోటీ ఉందని అంటున్నారు, ఆ పోటీయేమో సీజను మొదట్లో కూచుని మాట్లాడుకుంటోంది.

వంశధార_గట్టు – ఆదివారం, ఉదయం 8:15

మాస్టారు పొద్దున్నే బాగా వేశారు దెబ్బ.

మందుల_బాబాయి – ఆదివారం, ఉదయం 9:22

మాది విజయనగరం జిల్లాలో మందుల హోల్‌సేల్. పదేళ్ల పైమాట. ఒక కంపెనీ స్టాకిస్టుగా ఇస్తామంది, డిపాజిట్ కట్టడానికి రెడీ అయ్యాను. "మీ సంఘం నుంచి అభ్యంతరం లేదని కాగితం తెండి" అన్నారు. సంఘం పెద్ద దగ్గరికి వెళ్తే ఈ ఊరికి ఆల్రెడీ ఇద్దరున్నారు చాలు అన్నాడు. చాలో చాలదో చెప్పడానికి ఆయనెవరు? ఆరు నెలలు తిరిగాను. సంక్రాంతికి ఒకసారి అరిసెలు కూడా పట్టుకెళ్లాను, సిగ్గుపడి చెప్తున్నాను. కాగితం రాలేదు.

తర్వాత తెలిసింది, ఇదే సంగతి మీద కాంపిటీషన్ కమిషన్ 2013లో అఖిల భారత మందుల వర్తకుల సంఘానికే జరిమానా వేసింది. స్టాకిస్టుని పెట్టుకోడానికి సంఘం కాగితం అడగడం చెల్లదని తేల్చింది. అప్పటికి నేను వేరే కంపెనీ సరుకుతో సర్దుకుపోయాను. ఆ కాగితం తేవాలన్న రూలు రాతలో ఎక్కడా ఉండేది కాదు. ఉన్నట్టు నడిచేది, అంతే.

డిగ్రీ_ఫైనల్ – ఆదివారం, ఉదయం 10:03

గూగుల్‌కి 2022లో 1,337 కోట్లు వేసింది ఈ కమిషనే కదా? ఫోన్లలో వాళ్ల యాప్‌లు ముందే వేసి ఇవ్వాలని కంపెనీలని కట్టేసినందుకు. ఎగ్జాములో వచ్చింది. అంత పెద్ద కేసులు చూసేవాళ్లు 14 బస్తాల పిక్కల గురించి చూస్తారా?

సిక్కోలు_వకీలు – ఆదివారం, మధ్యాహ్నం 12:15

అవును, వాళ్లే. ఆ జరిమానాని 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కూడా నిలబెట్టింది. ఇక 14 బస్తాలు అంటావా, వాళ్లు బస్తాలు చూడరు, బజారు చూస్తారు. ఉద్దానం మొత్తం పిక్క ఎవరు కొంటున్నారు, ఎలా కొంటున్నారు అన్నది చిన్న విషయమేం కాదు.

సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు. నష్టపోయినవాడే ఇవ్వాలని లేదు, 2020 డిసెంబరులో ఓలా, ఊబర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. (ఆ కేసు ఓడిపోయిందనుకోండి. యాప్ రేటు వేస్తే డ్రైవర్ల మధ్య ఒప్పందం ఉన్నట్టు కాదన్నారు.) మామూలు మనిషికి ఫీజు 5,000. పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. కమిషన్‌కి పైకి చూడగానే విషయం ఉందనిపిస్తే డైరెక్టర్ జనరల్‌కి దర్యాప్తు ఇస్తుంది. ఆయనకి మనుషుల్ని పిలిపించి ప్రమాణం చేయించే అధికారం, కోర్టు అనుమతితో సోదా చేసే అధికారం ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులు అక్కడే బయటపడతాయి. 2023 సవరణతో మూడేళ్ల గడువు పెట్టారు, అది దాటితే ఆలస్యానికి కారణం చూపించాలి.

మందుల_బాబాయి – ఆదివారం, మధ్యాహ్నం 12:40

వకీలు గారూ, ఎన్నేళ్లు పడుతుందో కూడా చెప్పండి మరి. కుర్రాడు రేపే డబ్బులొచ్చేస్తాయనుకుంటాడు.

సిక్కోలు_వకీలు – ఆదివారం, మధ్యాహ్నం 1:30

చెప్తాను, దాచి లాభం లేదు. సిమెంటు కేసు చూడండి. 2012 జూన్‌లో 11 కంపెనీలకి 6,300 కోట్ల దాకా వేశారు. విచారణ వినని ఛైర్మన్ తీర్పు మీద సంతకం పెట్టారని 2015లో ట్రిబ్యునల్ తిప్పి పంపింది. 2016లో మళ్లీ విని మళ్లీ వేశారు, ఈసారి 6,700 కోట్ల దాకా. 2018లో అప్పీల్లో నిలిచింది. అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకి వెళ్లారు, పది శాతం కట్టి స్టే తెచ్చుకున్నారు. 2012లో ఆ సిమెంటుతో కట్టిన ఇళ్లకి ఇప్పటికి రెండోసారి సున్నం వేసుంటారు.

ఇంకో సంగతి, జరిమానా ప్రభుత్వానికి పోతుంది. రైతుకి నష్టపరిహారం కావాలంటే తప్పు తేలాక ట్రిబ్యునల్‌కి వేరే అర్జీ.

వంశధార_గట్టు – ఆదివారం, మధ్యాహ్నం 1:44

అంటే నేను మొదట చెప్పిందే కదా. ఖర్మ.

సోంపేట_కొబ్బరి – ఆదివారం, మధ్యాహ్నం 3:10

నాదొక అడ్డ ప్రశ్న. మొన్న మా ఊరి రామాలయం దగ్గర రైతులంతా కూచుని ఈ రేటుకి ఒక్క బస్తా కూడా ఎవరూ ఇవ్వొద్దని తీర్మానం చేశారు. ఇచ్చినవాడికి జరిమానా అని కూడా అన్నారు. వాళ్లు కూచుంటే కార్టెల్, మనం కూచుంటే పోరాటమా?

పప్పు_బట్టీ – ఆదివారం, మధ్యాహ్నం 3:18

అద్గదీ! ఇప్పుడు చెప్పండి వకీలు బాబూ.

సిక్కోలు_వకీలు – ఆదివారం, సాయంత్రం 4:50

ఈ ప్రశ్న వస్తుందని పొద్దున్నించీ భయపడుతున్నాను. అన్నం తిని పడుకుని లేచి రాస్తున్నాను.

అక్షరం పట్టుకుంటే ఇబ్బందే. అమెరికాలో 1922లోనే రైతు సంఘాలకి మినహాయింపు చట్టం చేశారు. మన చట్టంలో రైతులకని విడిగా అలాంటి తలుపు లేదు. సెక్షన్ 3 అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఒకటే. ప్రభుత్వ విధానాల మీద, మద్దతు ధర కోసం ధర్నా చేయడం వేరు, అది హక్కు. "ఇంతకి తక్కువ అమ్మినవాడికి జరిమానా" అని తీర్మానం చేసుకోవడం వేరు. రెండోది రాతలో పెట్టొద్దని చెప్పను, అసలు చేయొద్దంటాను.

దీనికి మంచి దారి ఉంది. పదిమంది విడివిడిగా ఉండి రేటు కూడబలుక్కోవడానికి బదులు, ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీగా చేరి పిక్కలన్నీ ఒకచోట పోసి, రకం చూసి, ఒకే అమ్మకందారుగా అమ్మండి. అప్పుడు పదిమంది మధ్య ఉత్త రేటు మాట కాదు, ఒక సంస్థ చేసే వ్యాపారం. గోదాము, ఎండబెట్టడం, నాణ్యత ఇవన్నీ నిజంగా ఉమ్మడిగా చేస్తే, పని మెరుగవుతున్న ఉమ్మడి ఏర్పాట్లకి 3(3)లోనే వెసులుబాటు ఉంది. నా మనసులో మాట చెప్పాలంటే, మూడు బస్తాల రైతునీ మూడు వందల టన్నుల కొనుగోలుదారునీ ఒకే గజంకర్రతో కొలిచే చట్టం నాకు పూర్తిగా నచ్చదు. నచ్చకపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

గంటస్తంభం – ఆదివారం, సాయంత్రం 5:25

నచ్చక్కర్లేదు, నేను ఒప్పుకోను కూడా. బలం లేనివాడు గుంపుగా నిలబడితేనే బేరం సమానమవుతుంది. కార్మికుడికి సంఘం పెట్టుకునే చట్టం 1926లోనే ఇచ్చారు. రైతు దగ్గరికొచ్చేసరికి మాత్రం "నువ్వూ వ్యాపారివే" అంటున్నారు.

సోంపేట_కొబ్బరి – ఆదివారం, సాయంత్రం 5:40

కంపెనీ మాట బాగుంది గానీ మాస్టారు, మా ఊళ్లో దేవుడి చందా లెక్కే మూడేళ్లుగా తేలలేదు.

డిగ్రీ_ఫైనల్ – ఆదివారం, సాయంత్రం 6:12

లోపలి మనిషి వచ్చి చెప్తే జరిమానా ఉండదని చదివాను. నిజమేనా?

సిక్కోలు_వకీలు – ఆదివారం, సాయంత్రం 6:45

సెక్షన్ 46. ముందుగా వచ్చి, కమిషన్ దగ్గర లేని ఆధారం ఇచ్చినవాడికి నూటికి నూరు శాతం దాకా మాఫీ చేయొచ్చు. తర్వాత వచ్చినవాళ్లకి 50, 30 శాతం దాకా, వరసని బట్టి. 2021 సెప్టెంబరులో బీరు కంపెనీల కేసులో జరిగింది అదే. ముగ్గురు పెద్దలు కూడబలుక్కుని రేట్లు నడిపారు, అందులో ఒకళ్లు ముందెళ్లి చెప్పేశారు. చెప్పినవాళ్లకి పైసా పడలేదు, మిగతావాళ్లకి కలిపి 870 కోట్ల పైన పడింది. దొంగల మధ్య నమ్మకం చెడగొట్టడమే ఈ సెక్షన్ పని. జరిమానా కూడా చిన్నది కాదు. కుమ్మక్కు నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు గానీ అమ్మకాల్లో పది శాతం గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా వేయొచ్చు.

వంశధార_గట్టు – ఆదివారం, సాయంత్రం 6:51

పప్పు_బట్టీ మావా, ముందుగా వెళ్లేది నువ్వేనా? ఢిల్లీ టికెట్టుకి నేను చందా వేస్తాను.

పప్పు_బట్టీ – ఆదివారం, రాత్రి 7:30

నవ్వండి, నవ్వండి. ఢిల్లీ ఎల్లి చెప్పి వస్తే మర్నాడు నాకు పిక్క ఎవుడిస్తాడు, నా పప్పు ఎవుడు కొంటాడు? జరిమానా మాఫీ అవుతాది గానీ బట్టీ మాఫీ అవుతాదేటి? నానయితే ఒకటి చేస్తాను. ఈ ఏడు ఆ కూచోడానికి ఎల్లను. పిలిచినా జ్వరమని చెప్పీస్తాను. అంతకన్నా నా వల్ల కాదు.

ఉద్దానం కుర్రోడా, నీ పిక్క బాగా ఎండిందని నువ్వే అంటన్నావు కదా. నాలుగు కేజీలు పట్టుకురా. నీ ఎదురుగా కోసి చూపిస్తాను, ఎంత దిగితే అంత లెక్క కట్టి చెప్తాను. ఆ నలుగురి రేటుతో నాకు పని నేదు.

ఉద్దానం_కుర్రోడు – ఆదివారం, రాత్రి 9:05

అందరికీ థ్యాంక్స్. మామా, నీ మాట మంచిదే గానీ ఆలస్యమైపోయింది. చెల్లి హాస్టల్ ఫీజు సోమవారం కట్టాలి. నాన్న మధ్యాహ్నం నాతో చెప్పకుండా తొమ్మిది బస్తాలు ఎత్తించేశారు, ఆ రేటుకే. ఐదు మిగిలాయి. ఆ ఐదూ నీ దగ్గరికి తెస్తాను.

వకీలు సార్, ఆధారం కావాలన్నారు కదా, బిల్లు అడిగాను. నాన్న చొక్కా జేబులోంచి తీసిచ్చారు. సిగరెట్ పెట్టె చింపి లోపలివైపు పెన్సిల్‌తో రాశారు. 9, పక్కన రేటు, కింద తరుగు కోసం బస్తాకి రెండు కేజీలు కొట్టేసి మొత్తం. కొన్నవాడి పేరు లేదు, తారీఖు లేదు, సంతకం లేదు.

సిక్కోలు_వకీలు – ఆదివారం, రాత్రి 9:18

పారెయ్యకు. వెనకాల తారీఖు నువ్వే వెయ్యి, ట్రాక్టరు నంబరు గుర్తుంటే అదీ రాయి. శుక్రవారం పొద్దున్న ఆ నలుగురితో ఎన్ని గంటలకి మాట్లాడారో కాల్ లిస్టు ఫొటో తీసి పెట్టు, చెరిగిపోకముందే. మీ ఊళ్లో ఇంకెవరి జేబుల్లోనైనా ఇలాంటి పెట్టెలు ఉన్నాయేమో అడుగు.

ఉద్దానం_కుర్రోడు – ఆదివారం, రాత్రి 9:26

ఉంటాయి సార్. మా పెదనాన్న వాటితోనే పొయ్యి వెలిగిస్తాడు. రేపు పొద్దున్నే వెళ్తాను.